చలి కాచుకోవడం

అందరికీ నమస్కారం.

ఇందాక నేను తలుపు పక్కన నిలబడి మీరు లోపలికి వస్తుంటే చూస్తున్నాను. తలుపు తోసుకుని అడుగు పెట్టగానే అందరూ ఒకటే పని చేశారు. భుజాలు దించారు. బయటి చలికి చెవుల దాకా ముడుచుకుపోయిన భుజాలు ఒక్కసారిగా కిందికి జారాయి. కొందరు పైకే "హమ్మయ్య" అన్నారు. ఒక పెద్దాయన రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని చెంపలకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం అలాగే నిలబడిపోయారు. ఆయన ముఖంలో అప్పుడు ఎంత తృప్తి ఉందో!

అది జరిగి ఇరవై నిమిషాలైంది. ఇప్పుడు శాలువాలన్నీ ఒళ్ళోకి వచ్చేశాయి. హీటర్ కొంచెం తగ్గించమని ఒకరిద్దరు సైగ కూడా చేశారు. గది అదే, వేడి అదే. మరి ఆ "హమ్మయ్య" ఎక్కడికి పోయింది? ఇవాళ నేను మాట్లాడాలనుకున్నది దాని గురించే.

తెలుగులో మనం రోజూ వాడే ఒక మాట ఉంది. మంట దగ్గర కూర్చున్నవాణ్ణి ఏం చేస్తున్నావని అడిగితే "చలి కాచుకుంటున్నా" అంటాడు. వేడి కాచుకుంటున్నా అనడు. కాచుకునేది చలిని! ఒంట్లో ముందు చలి ఉండాలి, ఉంటేనే కాచుకోవడానికి ఏదైనా ఉంటుంది. ఆ మాటని మొదట అన్నవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసనిపిస్తుంది నాకు. నాకు మాత్రం అది ఆలస్యంగా తెలిసింది.

చాలా ఏళ్ళ క్రితం ఒక చలికాలం నాకు అస్సలు పడలేదు. ఇంట్లో కూర్చుని చేసుకునే పని. పొద్దున లేవగానే హీటర్ పెట్టేవాణ్ణి. కిటికీలు బిగించి, కర్టెన్లు దించేసేవాణ్ణి. బయటికి వెళ్ళాల్సిన పనులన్నీ వాయిదా. చలి నా దాకా రాకూడదు, అదే పట్టుదల. నెల తిరిగేసరికి గొంతు ఎండిపోవడం, పెదాలు పగలడం, మధ్యాహ్నానికే తలనొప్పి. ఏ పనీ మొదలుపెట్టాలనిపించేది కాదు. రాత్రి పదింటికి మంచం ఎక్కితే ఒంటిగంట దాకా కన్ను మూతపడదు. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఏమిటంటే, అంత వేడిగా ఉన్న గదిలో "ఆహా, ఎంత వెచ్చగా ఉంది" అని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

మా పక్కింట్లో డెబ్బై దాటిన ఒకావిడ ఉండేవారు. నేను పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. పొద్దున నీరెండ ఆవిడ గుమ్మం దాకా రాగానే కుర్చీ బయటికి తెచ్చుకునేవారు. ఎండకి వీపు పెట్టి, శాలువా మెడ చుట్టూ రెండు చుట్లు తిప్పి కూర్చునేవారు. చేతిలో వేడి టీ గ్లాసు. ఆ గ్లాసుని జేబురుమాలుతో చుట్టి రెండు చేతులతో పట్టుకునేవారు. వెంటనే తాగేవారు కాదు. ఊరికే పట్టుకుని, ఆవిరి గడ్డానికి తగిలేలా కాస్త వంగి కూర్చునేవారు. కీళ్ళనొప్పులతో వంకర తిరిగిన వేళ్ళు ఆవిడవి. ఆ వేళ్ళు ఒక్కొక్కటే మెత్తబడి, గ్లాసు చుట్టూ విచ్చుకోవడం నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. అన్నీ విచ్చుకున్నాక అప్పుడు మొదటి గుక్క.

ఒకరోజు నేను చెత్తబుట్ట బయట పెట్టడానికి వస్తే పిలిచారు.

"ఏం బాబూ, నెల్లాళ్ళుగా కనబడటం లేదు, ఒంట్లో బాగాలేదా?"

"చలి కదా పిన్నిగారూ, లోపలే ఉంటున్నాను."

"బయటికి రాకుండా లోపలికి వెళ్ళడం ఎట్లా కుదురుతుంది నాయనా? కూచో కాసేపు."

మెట్టు మీద పావుగంట కూర్చున్నాను. ముక్కు చల్లబడింది, చెవులు జివ్వుమన్నాయి. లేచి ఇంట్లోకి వెళ్ళాను. ఆ గుమ్మం దాటిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. నిజానికి హీటర్ కట్టేసే వచ్చాను. అయినా ఆ గది నన్ను దగ్గరికి తీసుకున్నట్టనిపించింది. నెల రోజుల్లో మొదటిసారి వెచ్చగా ఉంది.

ఆవిడ అన్న మాటనే శరీరధర్మ శాస్త్రం వేరే దారిలో పట్టుకుంది. మిషెల్ కబానాక్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1971లో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. మనుషుల్ని నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి, ఒళ్ళు చల్లబడేలా ఒకసారి, వేడెక్కేలా ఒకసారి చేసి, ఒక చేతిని మాత్రం రకరకాల వేడి ఉన్న నీళ్ళలో ముంచి ఎలా ఉందని అడిగారు. ఒళ్ళు చల్లబడి ఉంటే వేడినీళ్ళు ఎంతో హాయి. ఒళ్ళు కాగి ఉంటే అవే వేడినీళ్ళు చిరాకు, చన్నీళ్ళు హాయి. దీనికి ఆయన 'అలీస్థీసియా' అని పేరు పెట్టారు. మారిపోయే అనుభూతి అని అర్థం. ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర నిలబడాలి కదా, అటువైపు మనల్ని నడిపించేది ఏదైనా ఆ క్షణానికి హాయిగా ఉంటుంది. అక్కడికి చేరుకున్నాక ఇబ్బంది ఉండదు, హాయి కూడా ఉండదు. ఆ పాత చలికాలంలో నా గదిలో జరిగింది ఇదే. ఇబ్బంది లేకుండా చూసుకుంటూ, హాయి ఎందుకు లేదా అని దిగులుపడ్డాను.

చర్మం కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. చలినీ వేడినీ పసిగట్టే నరాల కొసలు మార్పు జరుగుతున్నంతసేపూ గట్టిగా కబురు పంపుతాయి. మార్పు ఆగిందంటే సద్దుమణుగుతాయి. ఇరవై నిమిషాల క్రితం మీ చర్మం చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పకపోవడానికి అది కూడా ఒక కారణం.

అందుకని చలికాలంలో హాయిగా ఉండాలంటే నేను చెప్పే మొదటి మాట, రోజుకి ఒక్కసారైనా చలిలోకి వెళ్ళి రండి. గడ్డకట్టుకుపోవాలని కాదు. ఒంటి మీద సరిపడా బట్టలతో, పదిహేను ఇరవై నిమిషాలు, అదీ పగటి వెలుతురులో.

పగలే ఎందుకంటున్నానంటే, దీనికి వెలుతురుతో చాలా పెద్ద సంబంధం ఉంది. వెలుతురుని లక్స్ అనే కొలతతో కొలుస్తారు. దీపాలు వేసిన మామూలు గదిలో అది రెండు మూడు వందల లక్స్ ఉంటుంది. మబ్బు పట్టిన రోజున కూడా బయట కొన్ని వేల లక్స్ ఉంటుంది. ఎండ కాస్తుంటే లక్ష దాకా వెళ్ళొచ్చు. మన కన్ను ఎంత బాగా సర్దుకుంటుందంటే, ఈ తేడా మనకి అంతగా తెలియదు. కానీ నిద్రనీ మెలకువనీ నడిపే లోపలి గడియారానికి బాగా తెలుస్తుంది. పొద్దున ఆ వెలుతురు అందకపోతే గడియారం వెనకబడుతుంది. రాత్రి నిద్ర ఆలస్యం, పొద్దున లేవలేకపోవడం. కర్టెన్లు దించుకుని నేను నా గడియారాన్ని పాడుచేసుకున్నాను.

నార్మన్ రోసెంతాల్ అనే మానసిక వైద్యుడు దక్షిణాఫ్రికా నుంచి అమెరికా వెళ్ళారు. అక్కడి చలికాలాల్లో తనకే ఉత్సాహం సన్నగిల్లడం గమనించారు. 1984లో ఆయన, ఆయనతో పనిచేసినవాళ్ళు కలిసి చలికాలంలో వచ్చి వసంతంలో పోయే ఒక రకం డిప్రెషన్‌ని వివరించి, దానికి వెలుతురుతో చికిత్స గురించి రాశారు. పొద్దున్నే 10,000 లక్స్ దీపం ముందు అరగంట కూర్చోబెట్టే పద్ధతి ఇప్పుడు చాలాచోట్ల వాడుకలో ఉంది. మీలో ఎవరికైనా ఏటా ఈ రోజుల్లో రెండు వారాలకి మించి మనసు బరువుగా ఉంటుంటే, ఎంత పడుకున్నా నిద్ర చాలకపోతుంటే, ఇష్టమైన పనులు కూడా చేదుగా ఉంటుంటే, అది బద్ధకం అనుకోకండి. డాక్టర్‌ని కలవండి. టీలూ దుప్పట్లూ దానికి మందు కావు. నేను ఈ మాట పట్టుబట్టి చెప్తున్నాను.

బయటికి వెళ్ళొచ్చారు. లోపలికి వచ్చాక ఏం చేయాలి?

గదంతా కాల్చేయక్కర్లేదు. మీ ఒంటిని వెచ్చబెట్టుకోండి. చలి తగలగానే ఒళ్ళు చేసే మొదటి పని, వేళ్ళకీ పాదాలకీ పోయే రక్తాన్ని తగ్గించి గుండె, మెదడు ఉన్న చోటుని కాపాడుకోవడం. వేళ్ళు కొంకర్లు పోయేది అందుకే. అరచేతుల్లో, అరికాళ్ళలో రక్తం నేరుగా పరుగెత్తడానికి ప్రత్యేకమైన అడ్డదారులుంటాయి. చలికి అవి మూసుకుంటాయి, వెచ్చదనం తగిలితే తెరుచుకుంటాయి. పిన్నిగారి వేళ్ళు గ్లాసు చుట్టూ విచ్చుకున్నప్పుడు లోపల తెరుచుకున్నవి అవే. అందుకే గ్లాసుని పట్టుకోండి, తొందరపడి తాగేయకండి. సగం హాయి పట్టుకోవడంలోనే ఉంది.

బట్టల సంగతి. 1941లో గాగీ, బర్టన్, బాజెట్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు బట్టల వెచ్చదనాన్ని కొలవడానికి 'క్లో' అనే కొలత పెట్టారు. 21 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న మనిషికి హాయిగా ఉండేంత బట్ట ఒక క్లో. దాని వెనకున్న సంగతి ఏమిటంటే, వెచ్చగా ఉంచేది ప్రధానంగా గుడ్డలో, గుడ్డల మధ్య చిక్కుకున్న కదలని గాలి. ఒక మందపాటి స్వెట్టర్ కంటే రెండు పల్చటివి మేలు, వేడెక్కితే ఒకటి తీసేయొచ్చు కూడా. పాదాలకి చలి అని బిగుతు బూట్లలో రెండు జతల సాక్సులు కుక్కుకునేవాళ్ళు ఉన్నారు. గాలికి చోటు లేదు, రక్తానికీ దారి లేదు, పాదాలు ఇంకా చల్లబడతాయి. ఒక్క జత ఉన్ని సాక్సులు, కాస్త వదులు బూటు చాలు. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమని పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు, పీల్చుకునేటప్పుడు కొంచెం వేడి కూడా విడుదల చేస్తుంది. చెమట పట్టే పాదాలకి ఇంతకంటే ఏం కావాలి?

కుర్చీ ఎక్కడ వేశారో చూసుకోండి. ఇది చాలామంది పట్టించుకోరు. గదిలో థర్మామీటర్ 22 చూపిస్తున్నా వీపు జిల్లుమంటోందంటే మీ వెనక చల్లటి గోడో, రాత్రిపూట కిటికీ అద్దమో ఉందన్నమాట. గాలి వెచ్చగా ఉన్నా, మీ ఒంటి వేడి ఆ చల్లటి అద్దం వైపు నేరుగా పోతూనే ఉంటుంది. హీటర్ పెంచడం కాదు, కుర్చీ జరపండి. లేదా చీకటి పడగానే మందపాటి కర్టెన్ వేయండి. పగలు మాత్రం తీసి ఉంచండి. ఎందుకంటే చలికాలంలో సూర్యుడు ఆకాశంలో కిందుగా నడుస్తాడు. భూమి 23.5 డిగ్రీలు వంగి తిరుగుతోంది కదా, ఆ వంపు వల్ల ఈ రోజుల్లో ఎండ ఏటవాలుగా పడుతుంది. మనకి చలి పెట్టేదీ ఆ ఏటవాలే, ఎండని కిటికీలోంచి గది లోపలి దాకా తెచ్చేదీ ఆ ఏటవాలే. ఎండాకాలంలో కిటికీ దగ్గరే ఆగిపోయే ఎండ ఈ రోజుల్లో ఎదురు గోడ దాకా వస్తుంది. మా ఇంట్లో నేల మీద తలుపంత వెడల్పు ఎండ ముక్క ఒకటి పొద్దున పుస్తకాల బీరువా దగ్గర మొదలై మధ్యాహ్నానికి మంచం కాళ్ళ దాకా నడుస్తుంది. సెలవు రోజున నేను కుర్చీతో పాటు దాని వెంట నడుస్తాను. చలికాలం ఇచ్చే కానుకల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

గాలి పొడిబారడం గురించి ఒక్క మాట. చల్లటి గాలిలో నీటి ఆవిరి తక్కువ పడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర పూర్తిగా తేమ నిండిన గాలిని కూడా 20 డిగ్రీలకి వేడి చేస్తే తేమ 30 శాతం లోపుకి పడిపోతుంది. నా గొంతూ పెదాలూ ఎండింది అందుకే. చలిలో దాహం కూడా తక్కువ వేస్తుంది, కాబట్టి గుర్తు పెట్టుకుని నీళ్ళు తాగండి. స్నానం చేశాక చర్మం కాస్త చెమ్మగా ఉండగానే నూనో క్రీమో రాసుకోండి.

ఒక్క విషయంలో మాత్రం దయచేసి రాజీ పడకండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాళ్ళకి ఏం జరుగుతోందో తెలిసే అవకాశమే ఉండదు. నిప్పు ముందు కూర్చోవాలని మనసవుతుంది, నాకూ అవుతుంది. ఆరుబయట కూర్చోండి. అలాగే షుగర్ ఉండి పాదాల స్పర్శ తగ్గినవాళ్ళు వేడినీళ్ళ బ్యాగ్ నేరుగా పాదాలకి పెట్టుకోవద్దు, కాలినా తెలియదు.

ఇక రాత్రి. చలికాలంలో మనకి దండిగా దొరికేది రాత్రే. చాలామంది దీన్ని భరించాల్సిన చీకటిగా చూస్తారు. నాకు మాత్రం మిగతా కాలాల్లో ఎంత వెతికినా దొరకని తీరిక ఇందులో కనిపిస్తుంది. సాయంత్రం కాగానే నడినెత్తి మీద ట్యూబ్‌లైటు ఆర్పేసి, కిందుగా ఒక చిన్న పసుపు దీపం వెలిగించి చూడండి. వెలుతురు పడినంత మేరే గది ఉన్నట్టుంటుంది. ఆ వెలుతురు గుండ్రంలోకి ఇంట్లోవాళ్ళు పిలవకుండానే వచ్చి చేరతారు. మా ఇంట్లో అయితే ఒకరు పైకి చదువుతారు, మిగిలినవాళ్ళు వింటారు. వింటూ ఒకరు చిరిగిన స్వెట్టర్ కుడతారు, ఒకరు ఊరికే దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ ఉంటారు. చిన్నవాళ్ళు మధ్యలో నిద్రపోతారు. కథ ఎంతవరకు విన్నారని మర్నాడు వాళ్ళతో వాదన. పెద్ద వెలుతురు లేకపోవడం నిద్రకి కూడా మంచిదే, నిద్ర వేళయిందని చెప్పే మెలటోనిన్‌కి అడ్డు తగలదు.

నిద్రకి పాదాలు ముఖ్యం. స్విట్జర్లాండ్ పరిశోధకులు 1999లో 'నేచర్' పత్రికలో వెచ్చటి పాదాలు నిద్రని త్వరగా తెస్తాయని రాశారు. నిద్రలోకి జారాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం తగ్గాలి. చేతులూ పాదాలూ వెచ్చబడి రక్తనాళాలు తెరుచుకుంటే ఆ వేడి అక్కడి నుంచి బయటికి పోతుంది. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు వేడినీళ్ళ స్నానం చేస్తే నిద్ర తొందరగా పట్టేది కూడా ఈ దారిలోనే. గది కాస్త చల్లగా, దుప్పటి లోపల వెచ్చగా, ముక్కు కొస మాత్రం చల్లగాలికి తగులుతూ... అలా పడుకున్నవాళ్ళకి ఆ సుఖం నేను వర్ణించక్కర్లేదు.

తెల్లవారుజామున మెలకువ వస్తే వెంటనే లేవకండి, వినండి. చలి రోజుల్లో నేల దగ్గర గాలి చల్లగా, పైన గాలి కొంచెం వెచ్చగా ఉంటుంది. అప్పుడు చప్పుడు పైకి పోకుండా మళ్ళీ నేల వైపు వంగుతుంది. ఎక్కడో దూరాన పోయే రైలు కూత పక్కవీధిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. రాత్రి భోజనాలయ్యాక ఒక్క పది నిమిషాలు మేడ మీదకి వెళ్ళినా బాగుంటుంది. భూమి ఉత్తర భాగంలో ఉన్నవాళ్ళకి ఈ కాలంలో సాయంత్రమే కృత్తికలు పైకి వచ్చి ఉంటాయి. మన పెద్దవాళ్ళు వాటిని పిల్లలకోడి అనేవారు. చిన్న చిన్న చుక్కలు తల్లికోడి రెక్క కింద ఒదిగినట్టు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. చలిలో చూడటానికి ఇంతకంటే తగిన చుక్కలు లేవు.

ఇంతసేపూ నేను చెప్పినదంతా తిరిగి రావడానికి ఒక తలుపు ఉన్నవాళ్ళ గురించి. బయటి చలి హాయిలో భాగం కావాలంటే లోపలికి వస్తామన్న నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం లేనివాళ్ళకి చలి చలే. ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ముసలివాళ్ళకీ పసిపిల్లలకీ ఇంకా ఎక్కువే కావాలి. ముసలితనంలో చలి తెలిసే శక్తి కూడా తగ్గుతుంది, "నాకేం చలి లేదు" అన్న మాటని నమ్మకుండా వెళ్ళి చెయ్యి పట్టుకుని చూడండి. బీరువాలో ఏళ్ళ తరబడి మడిచి ఉన్న రగ్గు ఉంటే చలికాలం పోయాక కాదు, ఈ వారమే ఇచ్చేయండి. ఇచ్చేముందు ఎండలో వేసి ఇవ్వండి. ఎండ వాసన ఉన్న దుప్పటి కప్పుకోవడం ఎలా ఉంటుందో మనకి తెలుసు కదా.

ప్రశ్నలు ఉన్నాయని చేతులు ఎత్తుతున్నారు. చాలా సంతోషం. కానీ కిటికీలోంచి చూడండి, బయట ఇంకా అరగంట వెలుతురు ఉంది. ప్రశ్నలు నడుస్తూ మాట్లాడుకుందాం. వీధి చివరి దాకా వెళ్ళి వెనక్కి వద్దాం, వచ్చేసరికి టీ సిద్ధంగా ఉంచమని చెప్పాను. మఫ్లర్లు చుట్టుకోండి. పెద్దాయనా, మీరు నాతో రండి, తలుపు దగ్గర మళ్ళీ ఒకసారి మీ ముఖం చూడాలి.